గుమ్మం ముందు విద్యార్థి



మా మాస్టారి పేరిట ఈ స్మారకోపన్యాసం ఇవ్వమని నిర్వాహకులు అడిగినప్పుడు అంశం కోసం నేను వెతుక్కోవలసిన పని పడలేదు. మాస్టారు ముప్పై ఏళ్ళు న్యాయశాస్త్రం బోధించి, ఉద్యోగ విరమణ తర్వాత నల్లకోటు వేసుకున్నారు. ఆయన చేపట్టిన కేసుల్లో సగానికి పైగా విద్యార్థులవే. పరీక్షకు రానివ్వలేదని, ఫలితం ఆపేశారని, రెండేళ్ళు బహిష్కరించారని తల్లో తండ్రో వెంటబెట్టుకుని వచ్చిన పిల్లలు ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని ఉండేవారు. ఫీజు మాట ఆయన ఎత్తేవారు కాదు. జూనియర్‌గా ఆయన పక్కన నిలబడి నేను నేర్చుకున్నదే ఈ సాయంత్రం మీ ముందు ఉంచుతున్నాను.

నేను చెప్పదలచినది ఒక్కటే. విద్యార్థిని పరీక్షకు రాకుండా ఆపే అధికారం విశ్వవిద్యాలయానికి ఉండాలి, ఉంది కూడా. అయితే ఆ అధికారాన్ని ఒక షరతు అంటిపెట్టుకుని ఉంటుంది: జవాబు చెప్పుకోవడానికి ఇంకా వేళ మిగిలి ఉండగానే విద్యార్థితో మాట్లాడాలి. మన న్యాయస్థానాలు ఈ విషయం మీద ఇచ్చిన తీర్పులు పైపైన చూస్తే ఒకదానితో ఒకటి పొసగవు. ఒకచోట విద్యార్థి గెలుస్తాడు, దాదాపు అవే వాస్తవాల మీద మరోచోట ఓడిపోతాడు. వాటిని ఈ ‘వేళ’ అనే దారంతో గుచ్చి చూస్తే అవన్నీ ఒకే మాట చెబుతున్నాయని నా నమ్మకం.

ముందుగా ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టినప్పుడు వాటికి తరగతి గదులు లేవు. లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో అవి పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థలుగానే మొదలయ్యాయి. చదువు చెప్పడం కళాశాలల పని. ఎవరు నెగ్గారో, ఎవరు తప్పారో తేల్చడం విశ్వవిద్యాలయం పని. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ పిల్లలకు మద్రాసు పరీక్షే దిక్కు. ఉద్యోగం, పెళ్ళి సంబంధం, ఊళ్ళో గౌరవం అన్నీ ఆ పరీక్ష చుట్టూ తిరిగిన రోజుల్లో ‘బి.ఏ. ఫెయిల్’ అని చెప్పుకోవడం కూడా ఒక అర్హతే. మన దేశంలో విశ్వవిద్యాలయం గురువుగా కంటే ముందు పరీక్షాధికారిగా పుట్టిందని నేను నొక్కి చెప్పడానికి కారణం ఉంది. పరీక్ష గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రావద్దనడం ఆ సంస్థకు పుట్టుకతో వచ్చిన అధికారం. అందుకే దాన్ని ప్రశ్నిస్తే తన ఉనికినే ప్రశ్నించినట్టు నేటికీ అది ఉలిక్కిపడుతుంది.

ఆ అధికారం ప్రశ్న లేకుండా చెలామణీ అయిన కాలాన్ని తెలుగువారు దగ్గరగా చూశారు. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి ఉపన్యసించారు. ఆ వేడిలో విద్యార్థులు ‘వందేమాతరం’ బ్యాడ్జీలు పెట్టుకుని కళాశాలకు వెళ్ళారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వారిని పెద్ద సంఖ్యలో సస్పెండ్ చేశారు. ట్రైనింగ్ కళాశాలలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును బహిష్కరించారు. మూడు దశాబ్దాల తర్వాత, 1938లో, నిజాం ఏలుబడిలోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో హాస్టల్ విద్యార్థులు అదే గీతం పాడినందుకు బహిష్కరణకు గురయ్యారు. వారిలో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. అప్పటి అక్కడి ఉపకులపతి టి.జె. కేదార్ చూపిన ఆదరణను ఆ తరం హైదరాబాదీయులు చివరిదాకా తలచుకున్నారు. పి.వి. నరసింహారావు కూడా ఆ ఉద్యమం మూలంగానే నాగపూర్ దారి పట్టారు.

ఈ రెండు సంఘటనలనూ మన చరిత్ర పుస్తకాలు దేశభక్తి గాథలుగా చెబుతాయి, న్యాయమే. నేను వాటిలో మరొకటి కూడా చూస్తాను. ఆ పిల్లల్లో ఒక్కరైనా కోర్టు మెట్లెక్కినట్టు నేను వినలేదు. ఎక్కి ఏమని అడగగలరు? చదువు సర్కారు దయ. దయను వెనక్కి తీసుకుంటే హక్కు పోయినట్టు కాదని ఆనాటి ఆలోచన. ఉస్మానియా పిల్లల కోసం తెరుచుకున్నది న్యాయస్థానం తలుపు కాదు, పొరుగు విశ్వవిద్యాలయం తలుపు. ఆ తలుపు కూడా మూసుకుని ఉంటే వారి చదువు అక్కడితో సరి.

1950 జనవరి 26 ఈ స్థితిని మార్చింది. రాజ్యాంగం 226వ అధికరణం కింద చట్టంతో ఏర్పడిన ఏ సంస్థనైనా హైకోర్టు పిలిచి ‘ఈ పని ఏ అధికారంతో, ఏ పద్ధతిలో చేశావు’ అని అడగవచ్చు. ఆ ప్రశ్న విద్యార్థి నోట మొదట గట్టిగా వినబడిన కేసు ఉత్తరప్రదేశ్‌ది. 1954లో ముగ్గురు విద్యార్థులు ఇంటర్మీడియట్ పరీక్ష రాశారు, ఉత్తీర్ణులయ్యారు. కొన్ని నెలల తర్వాత, అదే ఏడాది డిసెంబరులో, కబురు వచ్చింది: పరీక్షలో అక్రమాలకు పాల్పడ్డారు గనుక మీ ఫలితం రద్దు, 1955 పరీక్షకు కూడా మీరు కూర్చోరాదు. అంతకు ముందు వారిని ఎవరూ ఏమీ అడగలేదు. హైస్కూల్, ఇంటర్మీడియట్ బోర్డు వాదన చాలా సూటిగా ఉంది. విచారణ జరపాలని మా చట్టంలో ఎక్కడా రాసి లేదు. మాది పరిపాలనా నిర్ణయం. మేం న్యాయమూర్తులం కాము.

1962లో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ కె.ఎన్. వాంఛూ దీనికి జవాబు రాశారు. చట్టం మౌనంగా ఉన్నంత మాత్రాన వినవలసిన బాధ్యత తప్పిపోదు. శిక్ష ఎంత పెద్దదో, అది మనిషి బతుకు మీద ఎంత మచ్చ వేస్తుందో చూసి ఆ బాధ్యతను గుర్తించాలి. కాపీ కొట్టాడన్న ముద్ర పడ్డ కుర్రవాడి భవిష్యత్తు ఏమవుతుందో చెప్పనక్కర లేదు. కాబట్టి బోర్డు పరీక్షల కమిటీ న్యాయస్థానం కాకపోయినా ఇక్కడ న్యాయస్థానంలా నడుచుకోవాలి, నిందితుడిని విని తీరాలి.

మాస్టారు ఈ తీర్పు పాఠం చెప్పేటప్పుడు ఒక్కసారిగా 18వ శతాబ్దపు కేంబ్రిడ్జికి తీసుకువెళ్ళేవారు. అక్కడ రిచర్డ్ బెంట్లీ అనే మహాపండితుడు డాక్టర్ ఆఫ్ డివినిటీ పట్టా పుచ్చుకునేవారి దగ్గర తలా నాలుగు గినీలు అదనంగా వసూలు చేశాడు. ఆ గొడవ ముదిరి, ఉపకులపతి న్యాయపీఠాన్ని బెంట్లీ ధిక్కరించాడంటూ 1718లో విశ్వవిద్యాలయం అతని పట్టాలన్నీ ఊడబెరికింది, అతణ్ణి పిలిచి వినకుండానే. కింగ్స్ బెంచ్ ఆ పట్టాలను తిరిగి ఇప్పించింది. ఆ సందర్భంలో జస్టిస్ ఫోర్టెస్క్యూ బైబిలును గుర్తు చేశాడు: ఏదెను తోట నుంచి వెళ్ళగొట్టే ముందు దేవుడు సైతం ఆదామును పిలిచి, నువ్వెక్కడున్నావు, ఏం చేశావు అని అడిగాడు. సహజ న్యాయ సూత్రాల గురించి ప్రపంచమంతా పాఠంగా చెప్పే ఈ కథ ఒక విశ్వవిద్యాలయం చేసిన తప్పు నుంచే పుట్టిందన్నది మనం మరచిపోకూడదు.

విన్నంత మాత్రాన సరిపోతుందా? ఈ ప్రశ్న సింహళం నుంచి వచ్చింది. 1952లో సిలోన్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం డిగ్రీ పరీక్ష రాసిన ఒక విద్యార్థి మీద ఆరోపణ: ప్రశ్నపత్రంలో అనువాదానికి ఇచ్చిన జర్మన్ గద్యభాగం అతనికి ముందే తెలుసునని. అందులోని మాటలను పరీక్షకు ముందే అతని నోటుపుస్తకంలో చూశానని ఒక సహ విద్యార్థిని చెప్పింది. ఉపకులపతి విచారణ జరిపారు. అతణ్ణి పిలిచి అడిగారు. కాని ఆ అమ్మాయిని అతని ఎదుట ప్రశ్నించలేదు. ఆమెను అడిగే వీలు అతనికి కల్పించలేదు. అన్ని పరీక్షల నుంచీ అతణ్ణి నిరవధికంగా తప్పించారు. సిలోన్ సుప్రీంకోర్టు విద్యార్థి పక్షం వహించింది. 1960లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును తిరగగొట్టింది. ఆమెను ప్రశ్నిస్తానని అతను అడిగి ఉంటే, కాదని ఉంటే, అప్పుడు ఆలోచించవలసి వచ్చేది. అతను అడగలేదు కదా అన్నారు.

ఈ తీర్పు పట్ల నాకు గౌరవం ఉంది గాని సమ్మతి లేదు. ఇరవై ఏళ్ళ పిల్లవాడు, ఉపకులపతి గది, ఎదురుగా బల్ల వెనక పెద్దలు. సాక్షిని పిలిపించండి, నేను అడగవలసింది ఉంది అనగలనని ఆ క్షణాన అతనికి ఎవరు చెప్పారు? తెలియని హక్కును అడగలేదని పోగొట్టుకోవడం న్యాయమనిపించుకోదు.

ఇది పాతకాలపు మాట అనుకోకండి. మన పరీక్ష హాళ్ళలో ‘బుక్ చేయడం’ ఎలా జరుగుతుందో ఇక్కడున్న చాలామందికి తెలుసు. స్లిప్పు దొరుకుతుంది. స్క్వాడ్ చుట్టూ మూగుతుంది. జవాబు పత్రం లాగేసుకుంటారు. చీఫ్ సూపరింటెండెంట్ గదిలో తెల్లకాగితం, పెన్ను చేతికిచ్చి వాంగ్మూలం రాయమంటారు. అక్కడే ఉన్న ఎవరో జాలిపడి, “తప్పయింది, క్షమించండి అని రాయి బాబూ, వదిలేస్తారు” అంటారు. చేయి వణుకుతూ ఆ మాటే రాస్తాడు. నెల రోజుల తర్వాత మాల్‌ప్రాక్టీస్ కమిటీ ముందు అతని నేరానికి ఏకైక రుజువు అదే కాగితం. తన స్వదస్తూరీతో ఒప్పుకున్నాడు, ఇంక విచారణ దేనికి అంటారు. మాస్టారు ఇలాంటి కేసుల్లో మొదట ఆ కాగితం నకలు తెప్పించేవారు. అక్షరాల వాలు చూసేవారు. పరీక్ష జవాబుల్లో తిన్నగా సాగిన చేతిరాత ఈ వాంగ్మూలంలో గీత దాటి కిందికి జారిపోతుంటే, ఆ పేజీని అలాగే కోర్టుకు చూపించేవారు.

విశ్వవిద్యాలయాల వైపు న్యాయం లేదని నా ఉద్దేశం కాదు. బీహార్‌లోని హన్స్‌వాడీ కేంద్రంలో 1969 సెకండరీ పరీక్షలో కేంద్రం మొత్తం కాపీ జరిగిందని గుర్తించి బోర్డు అక్కడి పరీక్షను రద్దు చేసింది; మళ్ళీ రాసుకోవడానికి సెప్టెంబరులో సప్లిమెంటరీ అవకాశం ఇచ్చింది. విద్యార్థులు కోర్టుకెళ్ళారు. ఒక్కొక్కరినీ పిలిచి వినలేదన్నారు. 1970లో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా వారి వాదన తోసిపుచ్చారు. ఇక్కడ ఏ ఒక్కరినీ దొంగ అనలేదు. పరీక్షే పరీక్షలా జరగలేదన్నారు. పరీక్షల పవిత్రతకు జవాబుదారీ విశ్వవిద్యాలయాలే. నా దృష్టిలో ఇది సరైన తీర్పు. వ్యక్తి మీద మచ్చ పడలేదు, పోయిన అవకాశం కొద్ది నెలల్లోనే తిరిగి చేతికొచ్చింది. వేళ మిగిలే ఉంది.

ఇక నాకు అత్యంత ప్రియమైన కేసు కురుక్షేత్ర విశ్వవిద్యాలయానిది. ఉద్యోగం చేసుకుంటూ ఎల్.ఎల్.బి. సాయంత్రం తరగతులకు వెళ్ళే ఒక ఉపాధ్యాయుడికి హాజరు తగ్గింది. విశ్వవిద్యాలయం దరఖాస్తు తీసుకుంది, పరీక్ష రాయనిచ్చింది. ఆ తర్వాత, హాజరు లేదు కదా అంటూ అభ్యర్థిత్వం రద్దు చేసింది. 1975లో జస్టిస్ ఫజల్ అలీ అడిగినదంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: దరఖాస్తు నీ చేతిలో ఉన్నప్పుడు ఎందుకు చూడలేదు? అభ్యర్థి మోసం చేయలేదు, హాజరు పట్టీ మీ కళాశాల దగ్గరే ఉంది. పరీక్ష గదిలోకి రానిచ్చిన తర్వాత, ఆపే అధికారం అక్కడితో తీరిపోయింది. 1990లో బరంపురం విశ్వవిద్యాలయం కేసులో కూడా సుప్రీంకోర్టు ఇదే దారి పట్టింది. గంజాం లా కళాశాలలో చేర్చుకుని, ఏళ్ళ తరబడి చదవనిచ్చి, పరీక్షలు రాయించుకుని, చివర్లో ప్రవేశానికే అర్హత లేదనడం కుదరదంది.

ఇంతవరకు విన్న విద్యార్థి మిత్రులు, రానిచ్చారంటే ఇక గెలిచినట్టేనని అనుకోవచ్చు. ఆ పొరపాటును సరిదిద్దింది మన వికారాబాద్. 1984లో ఏర్పడిన ఒక విద్యాసంఘం ప్రభుత్వ అనుమతి లేకుండా, విశ్వవిద్యాలయ అనుబంధం లేకుండా అక్కడ వైద్య కళాశాల తెరిచి పిల్లల్ని చేర్చుకుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ముందే హెచ్చరించింది. పరీక్షలు వచ్చేసరికి విద్యార్థులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు: మేమేం తప్పు చేశాం, మా డబ్బు పోయింది, ఏళ్ళు పోతున్నాయి, రాయనివ్వండి. 1986 ఏప్రిల్‌లో తీర్పు రాసినవారు గుత్తిలో పుట్టిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. పేదల పక్షం, బలహీనుల పక్షం వహించిన న్యాయమూర్తిగా ఆయనకు దేశమంతా పేరు. ఆయన కూడా కాదన్నారు. తనకు జన్మనిచ్చిన చట్టాన్నే ఉల్లంఘించమని విశ్వవిద్యాలయాన్ని మేం ఆదేశించలేమన్నారు. సానుభూతికి చట్టం వేసిన హద్దు అది. మాస్టారు ఈ తీర్పు చదివించిన రోజు తరగతి గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదని గుర్తు. కురుక్షేత్రలో హెచ్చరిక లేదు. వికారాబాద్‌లో హెచ్చరిక వేళకే వచ్చింది, వినవలసినవారు వినలేదు.

నేటి సంగతికి వస్తే, పరీక్ష గుమ్మం దగ్గర తగువు ఎక్కువగా రెండింటి చుట్టూ నడుస్తోంది: హాజరు, బకాయి.

మన ఇంజినీరింగ్ కళాశాలల్లో 75 శాతం హాజరు నియమం. 65కీ 75కీ మధ్య ఉంటే వైద్య కారణాలు చూపి కాండొనేషన్ ఫీజు కట్టాలి. 65 కూడా లేకపోతే డిటెయిన్, అంటే పరీక్షకు రానివ్వరు. న్యాయ విద్యకు బార్ కౌన్సిల్ 2008 నియమాలు 70 శాతం అడుగుతాయి. ఢిల్లీలో 2016లో హాజరు చాలలేదని పరీక్షలకు దూరమైన ఒక న్యాయశాస్త్ర విద్యార్థి ప్రాణం తీసుకున్నాడు. మిత్రుడు రాసిన ఉత్తరాన్ని సుప్రీంకోర్టు తనంతట తాను విచారణకు స్వీకరించి ఢిల్లీ హైకోర్టుకు పంపింది. 2025 నవంబరు 3న ఆ న్యాయస్థానం, హాజరు తక్కువైందన్న కారణంతో ఏ న్యాయ విద్యార్థినీ పరీక్ష రాయకుండా ఆపరాదని తీర్పు చెప్పింది.

హాజరు అక్కర్లేదని నేను అనను. నలభై మంది ఒక గదిలో కూర్చుని ఒక తీర్పు మీద వాదులాడుకుంటే వచ్చే చదువు గైడు చదివితే రాదు. కాని హాజరు అనేది ఒక్కరోజులో తగ్గదు. అది జూలైలో తగ్గుతుంది, ఆగస్టులో తగ్గుతుంది, సెప్టెంబరులో తగ్గుతుంది. ప్రతి నెలా పట్టీలో పడుతున్న ఆ అంకె పరీక్షకు మూడు రోజుల ముందు నోటీసు బోర్డు మీద డిటెయిన్ జాబితాగా తొలిసారి కనబడితే, తప్పు విద్యార్థి ఒక్కడిదే ఎలా అవుతుంది? కామెర్లతో ఇంటికి పోయిన పిల్ల, తండ్రి పోతే కోతల వేళ పొలం చూసుకున్న కుర్రవాడు, ఊరికే తిరిగినవాడు ముగ్గురూ ఆ జాబితాలో ఒకే వరుసలో ఉంటారు. వారిని వేరు చేసి చూడడానికే విచారణ. ఆగస్టులో ఇంటికొక కార్డు, సెప్టెంబరులో పిలిచి పది నిమిషాలు మాట్లాడడం. ఆ పని చేసిన కళాశాల మీద రిట్ వేస్తానంటే మాస్టారు ఒప్పుకునేవారు కాదు.

బకాయి సంగతి ఇంకా బాధాకరం. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చేరిన పిల్లల తరఫున డబ్బు కట్టవలసినది ప్రభుత్వం. అది రాలేదని కళాశాల హాల్ టికెట్టు ఆపుతుంది. తనది కాని అప్పుకు ఆ పిల్లవాడు జామీను. ఈ విషయంలో చెప్పుకోవడానికి విద్యార్థి దగ్గర సంజాయిషీ కూడా ఉండదు. ఇది కళాశాల చేసే తప్పు; ఇక్కడ ఎవరినీ విననవసరం లేదు, అసలు చేయకుండా ఉంటే చాలు.

న్యాయవాదులుగా మన బాధ్యత కూడా చెప్పుకోవాలి. రేపు పరీక్ష అనగా అదే రోజు అత్యవసరంగా వినమని ఇవాళ లంచ్ మోషన్ వేస్తాం. న్యాయమూర్తి కాగితాలు పూర్తిగా చూసే వ్యవధి ఉండదు; విశ్వవిద్యాలయం స్టాండింగ్ కౌన్సిల్‌కు సూచనలు అంది ఉండవు. తుది తీర్పుకు లోబడి రాయనివ్వండి, ఫలితం ఆపి ఉంచండి అని మధ్యంతర ఉత్తర్వు వస్తుంది. పిల్లవాడు రాస్తాడు. కేసు ఏళ్ళు సాగుతుంది. అతని పట్టా సీలు వేసిన కవరులో ఉండిపోతుంది. ఉద్యోగం ఇచ్చేవాడు కవరు ఎప్పుడు తెరుస్తారని అడుగుతాడు. ఈ రిట్‌లను వచ్చే సెమిస్టరులోగానైనా తేల్చే ఏర్పాటు రెండు తెలుగు రాష్ట్రాల హైకోర్టులూ చేయగలిగితే ఎంతో మేలు.

చివరగా మాస్టారి బల్ల సొరుగు గురించి చెప్పి విరమిస్తాను. ఆయన పోయాక అమ్మగారు పిలిచి కాగితాలు సర్దమన్నారు. ఒక ఫైలులో మడత పడ్డ మార్కుల మెమో నకలు కనిపించింది. కేసు నాకు గుర్తే. 1990ల తొలినాళ్ళు, హైదరాబాదుకు రాత్రంతా ప్రయాణం చేస్తే గాని చేరని ఊరి కుర్రవాడు. పరీక్షకు ముందురోజు లంచ్ మోషన్‌లో ఉత్తర్వు వచ్చింది. సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చేసరికి సాయంత్రం దాటింది. మాస్టారే టెలిగ్రాం ఇచ్చారు. కాపీ పట్టుకుని కుర్రవాడు రాత్రి బస్సెక్కాడు. మధ్యలో బస్సు చెడిపోయింది. పదింటికి పరీక్ష, పదకొండు దాటాక గేటు దగ్గరికి చేరాడు. టెలిగ్రాం అందింది గాని ఉత్తర్వు చూడనిదే రానివ్వలేమని, ఇప్పుడు ఉత్తర్వు ఉంది గాని వేళ మించిందని అక్కడివారు చెప్పారు. మిగతా పేపర్లు రాశాడు. ఆ తర్వాత కేసు కూడా గెలిచాడు. హాజరు లెక్క కట్టడంలో కళాశాలే పొరబడిందని తేలింది.

ఆ మెమోలో అన్ని పేపర్ల ఎదుట ఒకే నెల, ఒకే సంవత్సరం అచ్చయి ఉన్నాయి. మొదటి పేపరు ఎదుట మాత్రం మరుసటి ఏడాది తేదీ. ఆ తేదీ కింద మాస్టారు ఎర్ర పెన్సిలుతో సన్నగా గీత గీసి ఉంచారు.